మధ్యాహ్నం రెండు దాటితే గాలం బంద్: వేడెక్కుతున్న మోంటానా నదుల్లో ట్రౌట్‌ను కాపాడేదేమిటి?

క్లుప్తంగా: అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వేసవి ముదిరేసరికి, ట్రౌట్ అనే చల్లనీటి చేప ఉండే నదుల మీద గాలం వేట ఆంక్షలు పడుతున్నాయి. వేట ఆపితే చేపకు కాస్త ఊపిరి దొరుకుతుంది కానీ నీరు చల్లబడదు. నది చల్లగా ఉండాలంటే ఆగస్టులో అందులో నీరు మిగలాలి, నేలలోంచి ఊట రావాలి, గట్టున నీడ ఉండాలి. ఈ మూడింటిలో చాలా భాగం పశుగ్రాసం పండించే రైతుల చేతిలో, వందేళ్లు దాటిన నీటి హక్కుల్లో ఉంది. అసలు ఏ రకం ట్రౌట్‌ను కాపాడాలన్న ప్రశ్నకు కూడా తేలికైన జవాబు లేదు.

నదిని మూసేసిన వేసవి

2016 ఆగస్టు 19న మోంటానా మత్స్య, వన్యప్రాణి, పార్కుల శాఖ ఎల్లోస్టోన్ నదిలో 183 మైళ్ల పొడవును ఒక్క ఉత్తర్వుతో మూసేసింది. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ ఉత్తర సరిహద్దులో ఉన్న గార్డినర్ నుంచి లారెల్ పట్టణం దాకా, మధ్యలో కలిసే ఉపనదులతో సహా, గాలం వేయడానికి లేదు, పడవ దించడానికి లేదు, ఈతకు దిగడానికీ లేదు. అంతకు ముందు కొద్ది రోజుల్లోనే వేల చేపలు చచ్చి తేలాయి. కొట్టుకుపోయినవి, అడుగున మునిగిపోయినవి కూడా కలిపితే సంఖ్య పదివేలల్లో ఉంటుందని శాఖ అంచనా వేసింది. చనిపోయినవాటిలో అత్యధికం మౌంటెన్ వైట్‌ఫిష్. ఇది ట్రౌట్ కుటుంబానికే చెందిన చేప.

చేప మూత్రపిండాలను దెబ్బతీసే పి.కె.డి. అనే వ్యాధే దీనికి కారణమని పరీక్షల్లో తేలింది. దాన్ని కలిగించే సూక్ష్మ పరాన్నజీవి మనుషులకు హాని చేయదు. నీరు చల్లగా, ప్రవాహం నిండుగా ఉంటే చాలా చేపలు ఈ వ్యాధిని తట్టుకుంటాయి. ఆ ఏడాది ప్రవాహం బాగా పడిపోయింది, నీరు వేడెక్కింది, చేపలు అప్పటికే నీరసించి ఉన్నాయి. చంపింది వ్యాధే అయినా, దానికి దారి తీసింది వేడి, నీటి ఎద్దడి.

సెప్టెంబరులో దశలవారీగా నదిని తెరిచారు. కానీ లివింగ్‌స్టన్ లాంటి ఊళ్లలో పడవ నడిపే గైడ్లకు, లాడ్జీలకు, గాలం సామాను అమ్మే దుకాణాలకు ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ కొద్ది వారాల్లోనే వస్తుంది. ట్రౌట్ సమస్య కేవలం చేపల సమస్య కాదని అక్కడి జనానికి ఆ వేసవిలో బాగా తెలిసొచ్చింది.

నీరు వేడెక్కితే చేపకు ఏమవుతుంది

ట్రౌట్ శరీర ఉష్ణోగ్రత అది ఈదే నీటితో పాటు మారుతుంది. 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు దానికి అనుకూలం. 20 దాటితే మేత తగ్గిస్తుంది, ఎదుగుదల ఆగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉండాల్సి వస్తే గట్టి రకాలు కూడా బతకవు.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 20 డిగ్రీల నీటిలో 9.1 మాత్రమే. ఎత్తైన ప్రాంతాల్లో ఇంకా తక్కువ. అదే సమయంలో చేప శరీరంలో జీవక్రియల వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. దొరికేది తగ్గుతుంది, కావలసింది పెరుగుతుంది.

కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతులకు ఇందులో సగం విషయం కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఆక్సిజన్ పడిపోయిందని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఏరేటర్లు ఆన్ చేస్తారు. అయితే రెండు తేడాలున్నాయి. చెరువులో రాత్రంతా నాచు, ఇతర జీవులు ఆక్సిజన్ వాడేయడం వల్ల గండం తెల్లవారుజామున వస్తుంది, కొండ నదిలో ఎండకు నీరు కాగి సాయంత్రం వేళ వస్తుంది. రెండోది, బొచ్చె, శీలావతి 28, 30 డిగ్రీల నీటిలో హాయిగా పెరుగుతాయి, ట్రౌట్ ఆ వేడిలో బతకదు. వందల కిలోమీటర్ల నదికి ఏరేటర్లు పెట్టడమూ కుదరదు.

రెండు గంటల నిబంధన వెనుక లెక్క

మోంటానాలో ట్రౌట్ పట్టేవాళ్లలో ఎక్కువమంది చేపను తిరిగి నీళ్లలో వదిలేస్తారు. చేతులు ముందుగా తడుపుతారు, గాలం కొక్కేనికి ఉండే ఎదురుముల్లును ముందే నొక్కేస్తారు, చేపను రబ్బరు వలలోనే ఉంచి నీళ్లలోంచి పైకి ఎత్తకుండా కొక్కెం తీస్తారు, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా పట్టుకుని మొప్పలు బాగా ఆడేదాకా ఆగి వదులుతారు. నీరు చల్లగా ఉంటే ఇలా వదిలిన ట్రౌట్‌లో చాలావరకు బతుకుతాయి.

నీరు వేడిగా ఉన్నప్పుడు ఇంత జాగ్రత్తా చాలదు. గాలానికి చిక్కిన చేప పెనుగులాడి కండరాల్లో ఆక్సిజన్‌ను వాడేస్తుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కోలుకోవడానికి కావలసిన ఆక్సిజన్ ఆ నీటిలో ఉండదు. చేతిలోంచి చురుగ్గా ఈదిపోయినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత అది చనిపోవచ్చు. వదిలిన మనిషికి ఆ సంగతి తెలియనే తెలియదు.

అందుకే నీటి ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకితే మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు వేట నిలిపేస్తారు. దీన్ని అక్కడ హూట్ ఔల్ ఆంక్ష అంటారు. నది తెల్లవారుజామున అత్యంత చల్లగా, మధ్యాహ్నం గడిచి సాయంత్రం అవుతుండగా అత్యంత వేడిగా ఉంటుంది కాబట్టి ఉదయం వేటకు అనుమతి ఉంటుంది. పరిస్థితి ఇంకా దిగజారితే పూర్తి మూసివేతే. 2021 వేసవిలో కరవు, ఎండ కలిసి వచ్చినప్పుడు మోంటానాలో చాలా నదుల మీద ఈ ఆంక్షలు పడ్డాయి, ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ కూడా మధ్యాహ్నం తర్వాత వేటను ఆపింది.

ఈ నిబంధన అవసరమైనదే. కానీ ఇది చేప మీద పడే అదనపు ఒత్తిడిని తీసేస్తుంది తప్ప అసలు ఒత్తిడిని తాకదు. గాలం వేసేవాళ్లందరూ ఇంటికి వెళ్లిపోయినా ఆ నీరు 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

నది ఎందుకు కాగుతోంది

గాలి వేడి ఒక కారణం మాత్రమే. ఈ నదుల ఎగువ ప్రాంతాల్లో ఏడాది నీటిలో పెద్ద భాగం చలికాలపు మంచు రూపంలో కొండల మీద నిల్వ ఉంటుంది. మే, జూన్ నెలల్లో అది కరిగి నదులు పోటెత్తుతాయి. ఆ నిల్వ తరుగుతోంది. పశ్చిమ అమెరికాలో ఏప్రిల్ 1 నాటి మంచులో ఉండే నీటి పరిమాణం 1955తో పోలిస్తే సగటున 15 నుంచి 30 శాతం తగ్గిందని 2018 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. మంచు కరగడం ముందుకు జరిగితే నది సన్నబడే రోజులూ ముందుకు జరుగుతాయి, ఎండలు బాగా కాసే జులై, ఆగస్టు అంతా నది పలచగానే గడపాలి.

పలచటి నది త్వరగా కాగుతుంది. నీటి మీద పడే ఎండ అంతే, దాన్ని పంచుకునే నీరు మాత్రం తక్కువ. గట్టున విల్లో పొదలు లేకపోయినా, పశువులు తొక్కి గట్లు విరిగి నది వెడల్పయి లోతు తగ్గినా వేడి ఇంకా పెరుగుతుంది.

దీన్ని అడ్డుకునేది భూగర్భ జలం. నేలలోంచి వచ్చే ఊట ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి మండువేసవిలోనూ చల్లగా ఉంటుంది. లివింగ్‌స్టన్‌కు ఎగువన ప్యారడైజ్ వ్యాలీలో ఊటల నుంచి పుట్టే చిన్న వాగులున్నాయి. పక్కనున్న పెద్ద నది కాగిపోతున్న రోజుల్లో కూడా అవి ట్రౌట్‌కు అనువుగానే ఉంటాయి.

డ్యామ్‌ల ప్రభావం రెండు విధాలా ఉంటుంది. బిగ్‌హార్న్ నది మీద ఎల్లోటెయిల్ డ్యామ్ లోతైన జలాశయం అడుగు నుంచి చల్లటి నీటిని వదులుతుంది, దాని దిగువన పేరున్న ట్రౌట్ వేట నడుస్తోంది. మాడిసన్ నది మీద ఎనిస్ సరస్సు దగ్గర జరిగేది దీనికి తలకిందులు. ఆ సరస్సు లోతు తక్కువ, నీరు అక్కడ నిలిచి కాగి దిగువకు వెళ్తుంది. మరీ వేడిగా ఉన్న రోజుల్లో ఎగువ నుంచి అదనపు నీటిని విడతగా వదిలి దిగువ మాడిసన్ మరీ కాగిపోకుండా చూస్తారు.

ఆగస్టు నీటి మీద హక్కు ఎవరిది

అసలు చిక్కుముడి ఇక్కడుంది. మోంటానా నీటి చట్టానికి పునాది సూత్రం ఒక్కటే: ముందు వాడుకున్నవాడికే ముందు హక్కు. 1860ల నుంచి వచ్చిన గనుల వాళ్లు, పశుపోషకులు కాలువలు తవ్వుకున్న తేదీల ప్రకారం వరుస ఉంటుంది. నీరు తక్కువైన ఏడాది పాత తేదీ హక్కుదారు తన వాటా పూర్తిగా తీసుకున్నాకే కొత్త తేదీ వారికి వంతు వస్తుంది. చాలాకాలం నదిలో నీటిని అలాగే పారనివ్వడం ఒక వాడకంగానే లెక్కలోకి రాలేదు.

1969లో రాష్ట్ర శాసనసభ 12 ప్రసిద్ధ ట్రౌట్ నదుల్లో చేపల కోసం నీటి హక్కు నమోదు చేసుకునే అవకాశాన్ని మత్స్య శాఖకు ఇచ్చింది. వీటిని మర్ఫీ హక్కులు అంటారు. అది పెద్ద మలుపే, కానీ ఆ హక్కుల తేదీలు 1970 ప్రాంతానివి. 1880ల నాటి హక్కులున్న రైతు ముందు చేప ఎప్పుడూ వరుసలో వెనకే ఉంటుంది. 1989లో వచ్చిన మరో చట్టం పాత హక్కుదారుల నుంచి నీటిని కౌలుకు తీసుకుని నదిలో ఉంచేందుకు దారి తెరిచింది. ట్రౌట్ అన్‌లిమిటెడ్ లాంటి పరిరక్షణ సంస్థలు ఈ పద్ధతిని వాడుకుంటున్నాయి.

చట్టం చేయలేని పనిని కొన్నిచోట్ల ఇరుగుపొరుగు ఒప్పందాలు చేస్తున్నాయి. బ్లాక్‌ఫుట్ నదిలో చేపల హక్కు 700 క్యూసెక్కులు. ప్రవాహం అంతకన్నా తగ్గితే తన తర్వాతి తేదీ హక్కుదారులను నీరు ఆపమని శాఖ అడగొచ్చు. ఆ నోటీసులు పంపే బదులు, బ్లాక్‌ఫుట్ చాలెంజ్ అనే స్థానిక సంఘం ఆధ్వర్యంలో రైతులు, వేటగాళ్లు కలిసి కరవు ప్రణాళిక రాసుకున్నారు. పాత హక్కులున్న రైతులు కూడా స్వచ్ఛందంగా కొంత నీరు వదులుతారు, గైడ్లు వేట తగ్గించుకుంటారు. నష్టం ఒక్కరి నెత్తిన పడకపోవడమే ఈ ఒప్పందం బలం. చివరి ఆయకట్టుకు నీరందక గొడవలు పడే ప్రాంతాల వారికి దీని విలువ బాగా తెలుస్తుంది.

బిగ్ హోల్ నది ఎగువన ఆర్కిటిక్ గ్రేలింగ్ అనే అరుదైన చేప కోసం 2006లో ఇలాంటిదే మరో ఒప్పందం కుదిరింది. భూమి యజమానులు ఎండాకాలంలో కాలువలకు తీసుకునే నీటిని తగ్గించి, గట్లకు కంచె వేసి, పొదలు పెంచుతారు. ఆ చేపను రేపు అంతరించే జాతుల జాబితాలో చేర్చినా వారి మీద కొత్త నిర్బంధాలు పడవని కేంద్ర ప్రభుత్వం హామీ ఇస్తుంది.

నీటి పొదుపు విషయంలోనూ ఒక మెలిక ఉంది. పొలమంతా నీరు పారించే పాత పద్ధతి వృథా అనిపిస్తుంది, స్ప్రింక్లర్లు పెడితే నది బాగుపడుతుందని అనుకోవడం సహజం. అయితే పొలంలో ఇంకిన నీటిలో కొంత భూగర్భంలోకి దిగి, వారాలు, నెలల తర్వాత చల్లటి ఊటగా నదిలోకే చేరుతుంది. పక్కనున్న ఐడహోలో హెన్రీస్ ఫోర్క్ పరీవాహకంలో స్ప్రింక్లర్లకు మారాక ఈ తిరుగు ఊట తగ్గింది. కాబట్టి స్ప్రింక్లర్ వల్ల మిగిలిన నీటిని నదిలోనే ఉంచితే ఒక ఫలితం, దాంతో మరో కోత గడ్డి పండిస్తే దానికి పూర్తిగా వ్యతిరేక ఫలితం. ఒకే సూత్రాన్ని అన్ని లోయలకూ రుద్దితే మంచి ఉద్దేశంతోనే నదికి నష్టం జరగొచ్చు.

హేచరీ పిల్లలు వదిలితే చాలదా?

చాలదు. మోంటానా ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. మాడిసన్ నదిలో జరిగిన పరిశీలనల్లో హేచరీ ట్రౌట్‌ను వదలడం ఆపిన చోట అక్కడే పుట్టి పెరిగే ట్రౌట్ సంఖ్య పెరిగింది. ఆ ఫలితాల తర్వాత 1974 నుంచి సహజంగా ట్రౌట్ ఉన్న నదుల్లో పిల్లలను వదలడం రాష్ట్రం మానేసింది. అప్పటి నుంచి చేపల సంఖ్య పూర్తిగా నది ఆరోగ్యం మీదే ఆధారపడింది. 2023లో నైరుతి మోంటానాలోని బిగ్ హోల్, బీవర్‌హెడ్, రూబీ నదుల్లో బ్రౌన్ ట్రౌట్ సంఖ్య బాగా పడిపోయినట్టు లెక్కింపుల్లో బయటపడినప్పుడు అంత ఆందోళన రేగడానికి కారణం ఇదే. పిల్లల్ని వదిలి లోటు పూడ్చే దారి అక్కడ లేదు. వేడి, తక్కువ ప్రవాహం, వ్యాధులు, వేట ఒత్తిడిలో ఏది ఎంత అన్నది తేల్చేందుకు శాఖ మోంటానా స్టేట్ యూనివర్సిటీతో కలిసి అధ్యయనాలు మొదలుపెట్టింది.

ఏ ట్రౌట్‌ను కాపాడాలి?

ట్రౌట్ అంటే ఒకే చేప కాదు. రాకీ పర్వత నదులకు సొంతమైనవి కట్‌త్రోట్, బుల్ ట్రౌట్. బ్రౌన్ ట్రౌట్ 1880లలో యూరప్ నుంచి అమెరికాకు వచ్చింది. రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి, బ్రూక్ ట్రౌట్ తూర్పు అమెరికా నుంచి తెచ్చి వదిలినవి. నేడు మోంటానాకు పేరు తెస్తున్న పెద్ద నదుల్లో గాలానికి ఎక్కువగా చిక్కేవి ఈ బయటి రకాలే.

ఇవి వేడిని తట్టుకునే తీరులో చాలా తేడా ఉంది. రెండు నెలలు నీటి తొట్లలో ఉంచి చూసిన ఒక ప్రయోగంలో రెయిన్‌బో దాదాపు 24 డిగ్రీల దాకా నెగ్గుకొచ్చింది, వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ 20 దగ్గరే ఆగిపోయింది. బుల్ ట్రౌట్ వేసవిలో 15 డిగ్రీలు దాటే నీటిలో కనిపించడమే అరుదు. 2011లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన అంచనా ప్రకారం 2080ల నాటికి పశ్చిమ అమెరికా లోతట్టు ప్రాంతంలో ట్రౌట్‌కు అనువైన ఆవాసం సగటున 47 శాతం తగ్గుతుంది. విడిగా చూస్తే బ్రూక్ 77, కట్‌త్రోట్ 58, బ్రౌన్ 48, రెయిన్‌బో 35 శాతం. స్థానిక చేప నష్టం రెయిన్‌బో కన్నా చాలా ఎక్కువ.

దీనికి తోడు రెయిన్‌బో, కట్‌త్రోట్ జతకట్టి సంకర సంతానాన్ని ఇస్తాయి. ఎగువ వాగులు ఇంతకాలం మరీ చల్లగా ఉండి రెయిన్‌బోను దూరంగా ఉంచాయి. అవి వేడెక్కేకొద్దీ రెయిన్‌బో పైకి ఎగబాకుతోంది. వాయవ్య మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ నదీ పరీవాహకంలో ఈ సంకరం వాతావరణ మార్పు వల్ల వేగం పుంజుకుందని 2014లో వచ్చిన అధ్యయనం చూపించింది. సంకరమైన జన్యువులను మళ్లీ విడదీయడం సాధ్యం కాదు.

నిర్వాహకుల ఇబ్బంది ఇక్కడే. వేడి నుంచి తప్పించుకోవాలంటే చేపలు నది పొడవునా తిరగగలగాలి, అడ్డుకట్టలు తొలగాలి. బ్లాక్‌ఫుట్, క్లార్క్ ఫోర్క్ నదులు కలిసే చోట మిల్‌టౌన్ డ్యామ్‌ను 2008లో తెగ్గొట్టడంతో బుల్ ట్రౌట్‌కు దారి తెరుచుకుంది. మరోవైపు స్వచ్ఛమైన కట్‌త్రోట్ మిగిలిన చిన్న వాగుల్లో, కింద నుంచి రెయిన్‌బో రాకుండా కావాలనే అడ్డుకట్టలు కడుతున్నారు. అలా వేరుపడిన చిన్న గుంపును ఒక్క కార్చిచ్చో, ఒక్క కరవో తుడిచిపెట్టగలదు. రెండు పద్ధతుల్లోనూ ప్రమాదం ఉంది కాబట్టి ఏ వాగుకు ఆ వాగు విడిగా చూసుకోవాల్సిందే.

చల్లగా మిగిలే చోట్లు

కొండ వాగులన్నీ ఒకే వేగంతో వేడెక్కడం లేదు. వేల చోట్ల నమోదైన నీటి ఉష్ణోగ్రతలను అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్తలు ఒక్కచోట చేర్చి విశ్లేషించారు. నిటారు వాలున్న ఎత్తైన వాగులు చాలా నెమ్మదిగా మారుతున్నాయని, ఈ శతాబ్దం చివరికీ కొన్ని చల్లగానే మిగలొచ్చని అందులో తేలింది. ఖర్చు చేయగలిగిన డబ్బు పరిమితం కాబట్టి ఆ వాగులను ముందు కాపాడుకోవడం తెలివైన పని. అక్కడ రోడ్లు, గనులు, అడవి నరికివేత రాకుండా చూడటానికి అయ్యే ఖర్చు, చెడిపోయాక బాగుచేయడానికి అయ్యేదానికంటే చాలా తక్కువ.

దిగువ లోయల్లో బీవర్లు సాయపడుతున్నాయి. ఈ జంతువు కట్టే కర్రల ఆనకట్టలు వాగును నెమ్మదింపజేసి నీటిని పక్క నేలలోకి ఇంకిస్తాయి. ఓరెగాన్‌లోని బ్రిడ్జ్ క్రీక్‌లో మనుషులే కర్రలు పాతి ఇలాంటి కట్టలకు ఊతమిచ్చారు. భూగర్భ జలమట్టం పెరిగింది, సముద్రానికి వెళ్లివచ్చే రెయిన్‌బో రకమైన స్టీల్‌హెడ్ పిల్లలు ఎక్కువగా బతికాయి. భారీ యంత్రాలు లేకుండా, తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది.

కశ్మీర్, కుల్లు, నీలగిరులు

భారత్‌లో ట్రౌట్ బ్రిటిష్ వారు తెచ్చిన చేప. 1900లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు కశ్మీర్ చేరాయి, తర్వాత కుల్లు లోయకూ వ్యాపించింది. నీలగిరుల్లోని అవలాంచిలో 1907లో హేచరీ మొదలైంది. అంటే ఇక్కడ వేట కోసం కాపాడుతున్నది బయటి రకాన్ని. హిమాలయ నదుల సొంత చేప స్నో ట్రౌట్ (పేరులో ట్రౌట్ ఉన్నా ఇది కార్ప్ కుటుంబపు చేప) మీద అంత దృష్టి లేదు. బ్రౌన్ ట్రౌట్ దాని మేతకు, చోటుకు పోటీ వస్తోందన్న ఆందోళన కూడా ఉంది.

హిమాలయ నదులకు హిమనీనదాల నీరు తోడు. అవి కరిగే కొద్దీ కొన్ని దశాబ్దాలు వేసవి ప్రవాహం పెరగొచ్చు, ఆ తర్వాత తగ్గుతుంది. నీలగిరులకు ఆ తోడు కూడా లేదు, అక్కడ ట్రౌట్ ఎత్తు ఇచ్చే చల్లదనం మీదే బతుకుతోంది. ఇంకా పైకి ఎక్కడానికి ఆ కొండల మీద పెద్దగా చోటు మిగల్లేదు.

హైదరాబాద్ శివార్లలోని కందుకూరు ప్రాంతంలో నీటిని శుద్ధి చేసి, చల్లబరిచి, తిప్పి తిప్పి వాడే ఆర్‌ఏఎస్ తొట్లలో రెయిన్‌బో ట్రౌట్ పెంపకం మొదలైంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా కరెంటు, యంత్రాలు ఉంటే ప్లేట్‌లోకి ట్రౌట్ వస్తుంది. ట్రౌట్ మాంసానికి కొరత రాకపోవచ్చు గానీ, ఆ తొట్లు హిమాచల్‌లోని బియాస్ నదికో తీర్థన్ నదికో చేయగలిగింది ఏమీ లేదు. ఆ నదులకు ముందుగా కావలసింది మోంటానాలో ఆంక్షలకు ఆధారమైనవాటి లాంటి కొలతలు: ఎగువ నుంచి దిగువ దాకా చాలా చోట్ల, ఏడాది పొడవునా, గంటగంటకూ నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం నమోదు కావాలి, ఆ లెక్కలు అందరికీ కనిపించాలి. జలవిద్యుత్ ప్రాజెక్టు దిగువన నదిలో ఎంత నీరు వదలాలి, ఏ వాగును ముట్టుకోకుండా ఉంచాలి అన్న నిర్ణయాలు ఆ లెక్కల మీదే నిలబడగలవు.